పెళ్ళికూతురు ఆడకూడదా?

చిన్నోడా,

నేను కులాసా. నాకొచ్చింది జ్వరం కాదు, కోపం. పెళ్ళికూతురు పందిట్లో డాన్సు చేస్తే పరువు పోతుందని నువ్వు రాసిన కార్డు చదివి ప్రెస్సులోనే అరిచాను. మెషీన్‌మన్ పని ఆపి, "ఎవరన్నా పోయారా మేడం?" అన్నాడు. "మా తమ్ముడికి మతి పోయిందయ్యా" అన్నాను.

నీ పెళ్ళి మరిచావా? జనం ముందు పెళ్ళాం చెయ్యి పట్టుకు నడిచావని పెదనాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. "చెయ్యి పట్టించింది మీరేగా, ఇప్పుడు వదలమంటే ఎలా?" అని ఎదురు తిరిగింది నువ్వు కాదూ? ఆనాటి అప్రతిష్ఠే ఇవాళ మీ హాల్లో ఫ్రేము కట్టి వేలాడుతోంది! నువ్వు గెలిచిన చోటే లోకం ఆగిపోవాలా?

ఆడనివ్వకపోతే పిల్ల పెళ్ళే వద్దంటోందట. బెదిరింపనుకోకు, అది నీ కూతురు.

వంటింటి గోడకి చెమ్మ తగ్గిందా? నా కళ్ళద్దాలు మరదలి బీరువాలో ఉండిపోయాయి, పంపించు. అమ్మ మోకాలికి మంచి పట్టీ కొను. మనవరాలితోపాటు తనూ ఆడుతుందట. ఆ మాట నాకు ఫోన్లో చెప్పింది, నీకు చెప్పడానికి జంకుతోంది. అన్నాళ్ళూ నాన్నకి జంకింది, ఇప్పుడు నీకా?

పిల్లకి, మరదలికి నా ఆశీస్సులు. నీకు మాత్రం అమ్మ ఆడాకే.

అక్క