ఆదివారపు అలారం

కాడుగోడి,
సోమవారం

చిరంజీవి చైతూకి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. ఉత్తరాలన్నీ మీ వార్డెన్ విప్పి చదువుతారని రాశావు కాబట్టి ఆయనకూ నమస్కారాలు. మావాడి కంచంలో కాస్త పెరుగు పడేలా చూడండి సార్. హిందూపురంలో అమ్మ బాగానే ఉంది. పెళ్లిళ్ల కాలం కదా, జాకెట్లు కుట్టి కుట్టి మిషను మీంచి లేచే తీరిక లేదట.

నువ్వడిగినవాటికి జవాబులు. మా ఆఫీసులో ఈతకొలను లేదు. కన్నడం కొంచెం వస్తోంది కానీ, నేను నోరు తెరవగానే ఆటోవాళ్లు జాలిపడి తెలుగులోకి దిగిపోతున్నారు. నా గదిలో ఉండే సహన మంచిదే. శనివారం మధ్యాహ్నం కాగానే హొసకోటెలో వాళ్లింటికి బస్సెక్కేస్తుంది. దుప్పటి మడిచి వెళ్తే ఆ మంచం ఆసుపత్రి మంచంలా ఉంటుంది. సోమవారం దాకా నేను దానికేసి చూడను.

"అసలు నువ్వక్కడ ఏం చేస్తావక్కా?" అన్నావు. పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు నడిచే సర్వర్లు ఉంటాయి. ఏ సర్వరు మీద ఎంత పనిభారం పడుతోందో కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరును అమర్చడం నా పని. భారం ఎంత దాటితే అలారం మోగాలో ఆ హద్దు నేనే గీస్తాను. మరీ కిందికి గీస్తే ఊరికే మోగుతుంది. మరీ పైకి గీస్తే అంతా మునిగాక మోగుతుంది.

మోగగానే ఇద్దరం ఫోన్లోకి రావాలి. డ్యూటీలో ఉన్న నేను, కర్నూల్లో ఇంటి నుంచే పనిచేసే సమీనా. ఆ సర్వరులోని డేటాబేసు ఆమె బాధ్యత. భారం దిగేదాకా ఫోను పెట్టకూడదు. అరగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు. అంతసేపూ ఏం చేస్తాం? మాట్లాడుకుంటాం.

"తింటివా సౌమ్యా? మళ్లీ ఆ హాస్టలు సాంబారేనా? దాన్ని సాంబారనాకు, పాపం తగుల్తాది" అంటుంది. వెనక వాళ్ల పాప గోల, కుక్కరు కూత, ఎవరో తలుపు తీస్తున్న చప్పుడు. నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంటాను.

నువ్వు జ్వరమని అబద్ధమాడి, ఇంటికి ఫోన్ చేయించమని వార్డెన్ను అడిగావట. థర్మామీటరు పెట్టగానే దొరికిపోయావట. అమ్మకి ఫోనైతే వచ్చింది, ఫిర్యాదుగా. "వానికి నువ్వన్నా గడ్డి పెట్టు పాపా, నా మాట వినేట్టు లేడు" అంది అమ్మ. గడ్డి పెట్టాలనే కూర్చున్నాను. చేతకావడం లేదురా. వార్డెన్ గారు చదివితే చదవనీ, నేనూ అదే పని చేశాను.

సమీనా చూసే సర్వరుకి ఎనభై అయిదు శాతం దగ్గర గీయాల్సిన హద్దును అరవై దగ్గర ఉంచేశాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వారం రిపోర్టులు తయారయ్యేటప్పుడు భారం డెబ్బై దాకా పోతుంది. ప్రమాదమేమీ లేదు. మొదట అది పొరపాటే. తెలిశాక దిద్దలేదు. ఆదివారాలు నాతో మాట్లాడే గొంతు అదొక్కటే.

పోయిన వారం మా మేనేజరు పద్మనాభం గారు, "ఎప్పుడు చూసినా ఈ సమీనా డేటాబేసే అరుస్తోంది. సరిగ్గా చూసుకోవట్లేదు. ఈసారి ఆవిడకి రేటింగు తగ్గించాల్సిందే" అన్నారు. నా నోట్లో కాఫీ అలాగే ఉండిపోయింది. మింగి, "ఆ హద్దు తప్పుగా పెట్టింది నేను సార్" అన్నాను.

"ఇన్నాళ్లూ గమనించలేదా?"

గమనించానని చెప్పలేకపోయాను. రేటింగు జోలికి మాత్రం ఇక పోనన్నారు.

సమీనాకు మొత్తం చెప్పాను. "పాపను వాళ్ల దాదీ మీద పడేసి ప్రతి ఆదివారం లాప్‌టాప్ ముందర కూర్చుంటి గదా. నీకు పొద్దుపోకనా?" అంది. నేను సారీ అనేలోపు, "మాట్లాడాలనుంటే మామూలుగా ఫోన్ చేయొచ్చు కదే. నేనేమన్నా కరుస్తానా?" అని పెట్టేసింది.

నిన్న ఆదివారం. దిద్దిన హద్దు దాని చోట అది ఉంది. ఏదీ మోగలేదు. పద్మనాభం గారు శభాష్ అని మెసేజి పెట్టారు. మార్కెట్టుకి వెళ్లి, అక్కర్లేకపోయినా అనపకాయల ధర రెండోసారి అడిగాను. "కొనేదుంటే కొనమ్మా. ఎండలో ఎందుకట్ల నిలబడుకుండావు? నీడకి పో" అంది అమ్మే ఆమె.

సాయంత్రం సమీనాకు ఫోన్ చేశాను. పనేమీ లేకుండా ఆమెకు చేయడం అదే మొదటిసారి. ఏం మాట్లాడాలో కూడా అనుకోలేదు. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మళ్లీ చేస్తే బాగుండదని ఫోను పక్కన పెట్టాను.

వచ్చే ఆదివారం చేస్తాను.

ఇట్లు,
నీకంటే అయిదేళ్లే పెద్దదైన
అక్క సౌమ్య