డోలు అంచు మీది గుంత

మంగళవారం

చిన్నోడా, నువ్వు పోయి ఏడాది కూడ నిండలే, నీ డోలు కొంటనని పట్నం నుంచి ఒకాయన వచ్చిండు. భద్రాచలం జాతరల ఆ పెద్ద కళాకారుడు నిన్నడిగి ఒక్క పాటకు దాన్ని వాయించిండు గదా, అందుకే గంత ధరనట. అంచు మీద అరిగిన గుంతను నిమిరి, "ఇది ఆయన చెయ్యి పడ్డ జాగ, అమ్మా" అన్నడు.

పదేండ్లు నీ మణికట్టు రాసుకొని అరిగిన జాగ గది. చెప్పబోతే మీ నాయిన నా చెయ్యి నొక్కిండు. ఆ పట్నమాయన పోయినంక, "మన పిలగానిదంటే ఎవలు కొంటరే? వానలకు ముందు ఇల్లు కప్పాలె" అని తనే ఏడ్చిండు.

రేపు తీస్కపోతరు. ఆ గుంతల చెయ్యి పెట్టి చూసిన, నా చెయ్యి సరిపోలే...

ఏడున్నా కడుపునిండ తిను, బిడ్డా.