మూడో కాపీ

ఆదివారం

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అంతా క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాశాను, నమ్మకు.

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటి అంటావు. ఫోనులో నువ్వు చెప్పేది సగం వింటాను, మిగతా సగానికి నీతో పోట్లాడతాను. కాగితమైతే పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకోవచ్చు. కంప్యూటర్లు బాగుచేసేవాడివి నువ్వు. నాకు తెలిసిన యంత్రం కుట్టుమిషను ఒక్కటే.

మీ బావ పోయి రెండు నెలలైంది. నిన్న మొదటిసారి ఆయన కంప్యూటరు తెరిచాను. అందులో 'రికవరీ' అని ఒక అర ఉంది. దాని కింద ఎర్ర గీత, చోటు అయిపోయిందని. అది ఖాళీ చేయాలా? చేస్తే ఏమవుతుంది?

నా భయం ఎందుకో నీకు తెలుసు. ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా చేసిన మనిషి ఇంటికొచ్చినా స్టోర్‌కీపరే. సామానంతా రెండువందల పద్నాలుగు బూడిదరంగు పెట్టెల్లో సర్ది, పైన నంబర్లు వేశారు. ఏ పెట్టెలో ఏముందో ఆ కంప్యూటరులో ఉన్న జాబితాకే తెలుసు. నాకు కుట్టు నేర్పిన ఆవిడ ఇచ్చిన ఎర్రపిడి కత్తెర పోయినప్పుడు కూడా, "జాబితాలో లేదు, కాబట్టి ఇంట్లో లేదు" అన్నారు. పదకొండేళ్లు అదే మాట మీద నిలబడ్డారు. మీరే పోగొట్టారు అని నేనూ పదకొండేళ్లు అన్నాననుకో.

ఆసుపత్రిలో చివరిగా నాతో అన్నది ఒక్కటే. "నీకోసం ఒకటి ఉంచాను. జాబితాలో ఉంది."

ఆ జాబితా నేనింకా తెరవలేదురా. తెరిస్తే ఆయన నాకు చెప్పాల్సింది అయిపోతుంది.

వెంటనే జవాబు రాయి.
అక్క

తా.క. ఇప్పుడు నా కాళ్లు ఒకటో నంబరు పెట్టె మీద ఉన్నాయి. కుర్చీ ఎత్తుగా ఉందని రెండేళ్ల కిందట ఆయనే తెచ్చి బల్ల కింద తోశారు. ఆ మనిషి చూపించిన ముద్దూ మురిపెం అంతా ఇలాంటి కొలతల్లోనే ఉండేది.


గురువారం

అక్కకి నమస్కారాలు.

ఆ ఎర్ర గీతని చూసి కంగారుపడకు. అది ఎప్పుడూ అలాగే ఉంటుంది. కంప్యూటరు పూర్తిగా పాడైతే కొన్ననాడు ఎలా ఉందో అలా మళ్లీ తయారుచేయడానికి కంపెనీవాళ్లు దాచిన సరంజామా అందులో ఉంటుంది. దాని జోలికి వెళ్లకు. అందులోంచి ఏమీ తీయకు, అందులో ఏమీ పెట్టకు.

నీకు కావలసింది బ్యాకప్. అంటే నీ ఫైళ్లకి నకళ్లు. మొత్తం మూడు కాపీలు ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడిగా వేరే డిస్కులో, ఒకటి వేరే ఇంట్లో. దుకాణానికి వచ్చే ప్రతివాడికీ ఇదే పాఠం చెప్తాను. ఒక్కడూ వినడు. అన్నీ పోయాక ఏడుస్తూ వస్తారు.

తమ్ముడు

తా.క. నువ్వింకా ఏమీ నొక్కలేదు కదా?


మంగళవారం

తమ్ముడికి దీవెనలు.

నొక్కాను.

నీ ఉత్తరం రాగానే, నువ్వు చెప్పినట్టే నకలు తీశాను. వేరే డిస్కు ఎందుకులే అని అదే కంప్యూటరులో, జాబితా పక్కనే ఇంకో జాబితా పెట్టాను. ఒకటి పోతే రెండోది పక్కనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు అనుకున్నాను. ఆ తర్వాత కంప్యూటరు బిగుసుకుపోయింది. మూడుసార్లు ఆపి మళ్లీ పెట్టాను. మూడోసారి నీలం రంగు తెర వచ్చి, కొన్ననాటి స్థితికి తీసుకెళ్లమంటారా అని అడిగింది.

కొన్ననాడు ఎలా ఉన్నామో తెలుసా? ఆయన పెట్టె విప్పి, వైర్లన్నీ నేల మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ నంబరు చీటీ అంటించారు. నేను నవ్వితే కోపం వచ్చింది. సాయంత్రానికి నా వేలు పట్టుకుని నా పేరు టైపు చేయించారు.

తీసుకెళ్లమన్నాను. అన్నీ చెరిపేస్తాను, సరేనా అంది. సరేనన్నాను. తప్పు నాదే. కానీ రెండు నెలలుగా నన్ను ఆ రోజుకి తీసుకెళ్తానని ఇంకెవరూ అడగలేదు.

కంప్యూటరు కొన్ననాటికి వెళ్లిపోయింది. నేను ఇక్కడే ఉండిపోయాను. రెండు జాబితాలూ లేవు.

అక్క

తా.క. పెట్టెలు ఒక్కొక్కటే తెరుస్తున్నాను. కుట్టు విప్పేటప్పుడు చివరి ముడి దగ్గర మొదలుపెట్టడం నా అలవాటు, అందుకని చివరి నంబరు నుంచి వెనక్కి వస్తున్నాను. రెండువందల పద్నాలుగులో ఇరవైరెండు మూతలు ఉన్నాయి. గిన్నె ఒక్కటీ లేదు.


శుక్రవారం

అక్కకి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు నాకు. జోలికి వెళ్లకు అని రాశానా లేదా? ఒకే కంప్యూటరులో రెండు కాపీలు పెట్టడమేమిటే? ఇల్లు కాలిపోతుందేమో అని భయపడి బట్టలు ఒక బీరువాలోంచి తీసి పక్క బీరువాలో పెట్టినట్టుంది!

డిస్కు పంపించు, ప్రయత్నిస్తాను. ఆశ మాత్రం పెట్టుకోకు. పాతవి ఉన్న చోట కొత్తవి రాసేసి ఉంటుంది.

మూడో కాపీ వేరే ఇంట్లో పెట్టు బావా అని ఆయనకి వందసార్లు చెప్పాను. తల ఊపేవాడు. విన్నాడా? వినలేదు. నా మాట ఆయన ఎప్పుడు విన్నాడు గనక.

తమ్ముడు

తా.క. అరిచినందుకు ఏమీ అనుకోకు. ఆయనంటే నాకూ ప్రాణమే.


బుధవారం

తమ్ముడికి,

వినలేదా?

ప్రతి నెలా ఒకటో తారీఖున, వానైనా ఎండైనా, గొడుగు పట్టుకుని వెళ్లి నీకో పార్సెల్ పంపేవారు. ఎక్కడికండీ అంటే, "మూడో కాపీ" అనేవారు. ఆయన మాటలు సగం నాకు అర్థమయ్యేవి కావు, అడగడం మానేశాను. ఇప్పుడు నీ ఉత్తరంలో అదే మాట కనబడింది.

ఆ పార్సెళ్లలో ఏముండేదిరా? ఏదో ఒక నెలది పంపించు, చాలు. ఇన్నాళ్లకి మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

అక్క

తా.క. నూట ఎనభై ఆరు దాకా వచ్చాను. అంత పెద్ద పెట్టెలో వేలెడంత మిషను నూనె సీసా ఒక్కటే ఉంది, చుట్టూ పాత గుడ్డలు కుక్కి. ఇదేనా నాకోసం ఉంచింది? ఈయన్ని ఏం చేయాలి?


సోమవారం

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

ఆ పార్సెళ్లలో పెన్‌డ్రైవులుండేవి. నెలకొకటి. దుకాణం పెట్టుకున్నాను కదా, పనికొస్తాయని బావ కానుకగా పంపుతున్నాడనుకున్నాను. వచ్చినవి వచ్చినట్టు చెరిపేసి వాడుకున్నాను. ఒకటి పళ్ల డాక్టరు దగ్గరుంది, ఒకటి డ్రైవింగు స్కూలులో, మిగతావి ఎవరెవరికి ఇచ్చానో గుర్తులేదు. ప్రతి పార్సెల్‌లోనూ ఒక చీటీ ఉండేది. ఆయన చీమల్లాంటి అక్షరాలు ఎవరు చదువుతారని బుట్టలో వేసేవాణ్ణి. ఊరందరికీ బ్యాకప్ పాఠాలు చెప్పేవాణ్ణి నేను. మీ ఇంటి బ్యాకప్‌ని నెలనెలా నా చేత్తో నేనే చెరిపాను.

ఒక్కటి మిగిలింది. ఆయన పోయిన నాలుగో రోజున వచ్చింది. కవరు మీద ఆయన రాత చూసి విప్పలేకపోయాను. అటక మీద పెట్టేశాను. ఇవాళ విప్పాను. అందులో పెన్‌డ్రైవు లేదు. అంటించిన కవరు ఒకటి ఉంది, దాని మీద "మీ అక్కకి. నువ్వు విప్పకు" అని రాసుంది. జీవితంలో మొదటిసారి బావ రాసింది చదివి, చెప్పినట్టు విన్నాను. ఇందులో పెట్టి పంపుతున్నాను.

నన్ను క్షమించు.
తమ్ముడు

తా.క. తిట్టాలనుకుంటే ఫోను చెయ్యి. కాగితం మీద వద్దు, అది అలాగే ఉండిపోతుంది.


ఒకటో తారీఖు

నీకు,

రేపు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లోపల ఒక పని పూర్తిచేస్తున్నాను.

ఈ కవరు నీ చేతికి వచ్చిందంటే కంప్యూటరులో జాబితా పోయిందన్నమాట. పోతే తప్ప మీ తమ్ముడు నా పార్సెల్ గురించి ఆలోచించడు. పోయినేడాది మీ తమ్ముడి ఊళ్లో పన్ను పీకించుకోవడానికి వెళ్తే, డాక్టరు బల్ల మీద నా నంబరు చీటీ అంటించిన పెన్‌డ్రైవు కనబడింది. అయినా పంపడం ఆపలేదు. వాడికి అవి పనికొస్తున్నాయి కదా. వాణ్ణి ఏమీ అనకు.

జాబితా మొత్తం కాగితం మీద రాసి ఒకటో నంబరు పెట్టెలో పెట్టాను. నువ్వు చివరి నుంచి మొదలుపెడతావని తెలుసు. కాళ్ల కిందది ఆఖరున తెరుస్తావు. అంతవరకూ ఆగలేను, అందుకే ఈ ఉత్తరం.

ఆ పెట్టెలోనే నీ ఎర్రపిడి కత్తెర ఉంది.

రెండేళ్ల కిందట నా పాత కోటు చింపి గుడ్డలు చేద్దామని తీస్తే, లోపలి జేబులో దొరికింది. అది అక్కడ పెట్టింది నేనే. తొమ్మిదేళ్లు నీతో వాదించి, నీ కళ్లనీళ్లు చూసి కూడా జాబితాలో లేదు అన్నాక, ఇదిగో అని ఏ మొహంతో ఇవ్వను? కుర్చీ ఎత్తు అని వంక పెట్టి నీ కాళ్ల దగ్గరికి తోశాను. రోజూ ఇవాళ చెప్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు కూడా అదే వాదన చేశాను.

తప్పు నాదే.

ఈ మాటకి నకళ్లు లేవు. ఈ ఒక్క కాగితమే. జాగ్రత్త చేసుకో.

నీ స్టోర్‌కీపరు

తా.క. కత్తెరకి కొంచెం తుప్పు పట్టింది. నూనె నూట ఎనభై ఆరులో ఉంది.