అన్నీ కనపడతాండాయి

మంగళవారం, ధర్మవరం

ఒళ్లు హూనమైంది. నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో ఈరోజు నాయనకు నేనే చూపు పరీక్ష చేశాను. వెలుగు చుక్క కనపడితేనే బటన్ నొక్కాలి. నలభై ఏళ్లు మగ్గం నేసిన చెయ్యి, చుక్క రాకపోయినా మగ్గం లయలో నొక్కుతూనే ఉంది.

"కనపడితేనే నొక్కు నాయనా."

"అన్నీ కనపడతాండాయి లేమ్మా."

మళ్లీ చేస్తే, పరీక్ష కాగితం మీది చూపు పటంలో ఎడమ పక్క నల్లగా వచ్చింది. నీటికాసులు, అంటే గ్లాకోమా. ఆ పక్క చూపును మెదడుకు మోసే నరాల కణాలు చచ్చిపోయాయి, ఇక పుట్టవు. ఆ ఖాళీని మెదడే చుట్టుపక్కల రంగులతో పూడ్చేస్తుంది. అందుకే ఆయనకు తెలియలేదు.

ఇంటికొస్తే అమ్మ మగ్గం దగ్గర కూర్చుని, ఎడమ అంచులో నాయనకు కనపడని తెగిన పోగులు అతుకుతోంది.

"ఎప్పటి నుంచి అమ్మా ఇట్ల?"

"ఉగాది నుంచి. మీ నాయనకు చెప్పద్దు పాపా."

నాకైనా చెప్పి ఉంటే, అప్పుడే మందు వేయించి ఆ నలుపు ఇంకా పెరగకుండా ఆపేదాన్ని.