ఆర్విల్ కత్తి మీది బూడిద రంగు

సెప్టెంబర్ 4, శుక్రవారం

దాణా కొట్టు బెంచీ మీద ఈ రోజు కూడా జేబుకత్తుల రంగుల గొడవే. ఇప్పటివాళ్ళకు బ్లేడు నల్లగా ఉండాలట, స్క్రూలు బంగారు రంగువట, క్లిప్పు నీలమట. ఒకాయన బ్లేడు అద్దంలా మెరవాలన్నాడు. మొహం చూసుకోవాలంటే మంగలి దగ్గరికి పోరా అన్నాడు లోంజో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్నెవరూ అడగలేదు.

నాకు బూడిద రంగు ఇష్టం. అన్న ఆర్విల్ కత్తికి ఉన్నది. యాపిల్ కాయలు, పొగాకు, అన్న చేతి చెమట ఏళ్ళ తరబడి పట్టి వచ్చిన రంగు. కత్తుల ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు మెరుగు పెట్టే బఫింగ్ చక్రం ముందు కూర్చుని ఎవరెవరి కత్తులో మెరిపించాను. గనిలో పోయిన అన్న కత్తిని మాత్రం ఒక్కసారి కూడా చక్రానికి ఆనించలేదు. ఆనిస్తే ఆ రంగు పోతుంది.

సెప్టెంబర్ 9

లోంజో ఇంటికొచ్చాడు. గుండెకు ఆపరేషన్ అట. లేస్తానో లేదో, ఆర్విల్ కత్తి ఇవ్వరా, జేబులో పెట్టుకుంటాను, పోతే దాంతోపాటే పూడ్చమని మా ఆవిడకు చెప్తాను అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళిద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు. జేబులోంచి తీసి ఇచ్చాను.

మా వైపు కత్తి ఊరికే తీసుకోరు, మార్పిడి జరగాలి. తన కత్తి నా చేతిలో పెట్టాడు. నల్ల బ్లేడు, బంగారు స్క్రూలు. ఈ బూడిదదాన్ని ఎవడు చూస్తాడురా ఈ రోజుల్లో, లాభం నీదే అన్నాడు.

వాడు వెళ్ళాక నా భార్య నెడ్రా వంటింట్లోంచి, ఆ మనిషి కళ్ళు తుడుచుకోవడం రెండు పెళ్ళిళ్ళలో చూశాను, రెండు పెళ్ళిళ్ళూ ఆయనవే అంది.

సెప్టెంబర్ 20

జేబు తేలిగ్గా ఉంది. కొత్తదే ఎక్కువ బరువు. అయినా.

అక్టోబర్ 3

ఆపరేషన్ ఎప్పుడని అడుగుదామని బెంచీ దాకా వెళ్ళాను. అడగలేకపోయాను.

అక్టోబర్ 17, శనివారం, సాయంత్రం 5

స్కూలు జిమ్‌లో కత్తుల సంత. లోంజో బల్ల మీద, గాజు పెట్టెలో, ఆర్విల్ కత్తి. ముందు చీటీ: గని కార్మికుడి జేబులోది, పాలిష్ ఎరగనిది, అమ్మకానికి.

నాష్‌విల్ నుంచి కత్తులు కొనడానికి వచ్చినాయన ఒకాయన వంగి చూస్తున్నాడు. మెరిసేవి ఎక్కడైనా దొరుకుతాయండీ, ఈ రంగు కోసమే జనం పడి చస్తారు అంటున్నాడు లోంజో. గొంతు గట్టిగానే ఉంది. నన్ను చూసి, ఆపరేషన్ అక్కర్లేదన్నార్రా డాక్టర్లు అన్నాడు.

చేతులు మారాక తిరిగి అడగడం మాలో లేదు.

ఒకసారి చూడొచ్చా అన్నాను. సంతలో ఎవరడిగినా చేతికివ్వాలి. ఇచ్చాడు. పక్క బల్ల దగ్గర పదును పెట్టేవాడి బఫింగ్ చక్రం తిరుగుతోంది. కాస్త జరుగు బాబూ అన్నాను. బ్లేడు ఆనించాను. ఒక వైపు. రెండో వైపు. చేతులకు పని గుర్తుంది. ఒరేయ్ ఒరేయ్ అంటూ లోంజో బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి అయిపోయింది.

అయ్యో పెద్దాయనా, చంపేశారు కదండీ అన్నాడు నాష్‌విల్ ఆయన. ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నీకు పిచ్చా, ఇక దీన్ని కుక్క కూడా ముట్టదు అని లోంజో కేకలేశాడు. నల్లకత్తి తీసి బల్ల మీద పెట్టాను. మార్చుకుందామా అన్నాను. బెంచీవాళ్ళందరూ చూస్తున్నారు. వాడు నల్లదాన్ని లాక్కున్నాడు.

అక్టోబర్ 18

నెడ్రా కత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. మోసం చేసింది లోంజో, నువ్వు తోలు తీసింది ఆర్విల్‌ది, బాగుందయ్యా నీ న్యాయం అంది.

చర్చికి వెళ్ళలేదు.

అక్టోబర్ 29

నిన్న ఆ కత్తితో ఉల్లిపాయ కోసి కడగకుండా వదిలేశాను. మొన దగ్గర గోరంత నీలం పట్టింది. ఈ రంగు ఆర్విల్‌ది కాదు.