గుసుల్ నీళ్ళు

విజయవాడ వన్‌టౌన్,
ఆగస్టు 2003.

అన్నయ్య సంజీవరావు గారికి,

మెహబూబ్ బీ సలాములు. కూచిపూడిలో వదినగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. మిలిటరీలో మీరూ మా ఆయనా ఒకే దళంలో పనిచేశారన్న చనువుతో రాస్తున్నాను. ఎక్కడైనా మాట తూలితే నా నోటి దురుసు మీకు తెలిసిందే.

పంద్రాగస్టు నాడు మా వీధి వర్తకసంఘం వాళ్ళు ఆయనకి సన్మానం చేశారు. వద్దు మొర్రో అన్నా వినలేదు. అధ్యక్షుడు రామకోటేశ్వరరావు గారికి ఎవరో పాత మిలిటరీ అధికారి గన్నవరం విమానాశ్రయంలో తగిలి సంగతంతా చెప్పాడట. ఉత్తరాదిలో పాత ఇనుము గోడౌన్లో తెలియక అణు పదార్థం ఉన్న డబ్బా పగలగొడితే మిలిటరీ వాళ్ళు ఆ మట్టి తవ్వి తీశారనీ, దాన్ని లారీలో మోసింది మన కరిముల్లాయేననీ మైకులో చెప్పారు. అక్కడితో ఆపొచ్చుగా. "ఈయన ఒంట్లో ఇప్పటికీ ఆ కిరణాలున్నాయి, అయినా నవ్వుతూ మన మధ్య తిరుగుతున్నాడు" అన్నారు. పొగడ్త అనుకునే అన్నారు, పాపం. చప్పట్లు కొట్టినవాళ్ళే మర్నాటి నుంచి మా తాళాల కొట్టు గడప తొక్కడం లేదు.

వీధి సంగతి అలా ఉంచండి. ఆ డ్యూటీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన వేరే మంచం వేసుకున్నారు. కంచం వేరు, గ్లాసు వేరు. మా అమ్మాయి ముబీనా చిన్నప్పుడు పరిగెత్తుకొచ్చి ఒళ్ళో కూర్చోబోతే లేచి నిలబడేవారు. పిల్ల ఏడ్చేది, ఆయన వీధిలోకి పోయేవారు. ఆ డ్యూటీ చేసిన ఊళ్ళో ఇంకో ఆడదెవరో ఉందనుకున్నాను నేను. మాకు అంటుకుంటుందన్న భయంతో దూరం జరిగారని ఆ సభలో కుర్చీలో కూర్చుంటే తెలిసింది. ఏడుపు ఆపుకోలేకపోయాను. సంతోషం అనుకున్నారు అందరూ.

ఇప్పుడాయనకి కాలేయం పాడైంది. డాక్టర్లు పెదవి విరిచారు. మీరు ఆఫీసులో క్లర్కు పని చేసి అన్నీ చూసినవారు. ఆ కిరణాలు నిజంగా మనిషి ఒంట్లో ఉండిపోతాయా? ఒక్క ముక్క రాయండి.

మీ చెల్లెలు,
మెహబూబ్ బీ


సెప్టెంబరు.

అన్నయ్యగారూ,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఇక్కడ మనిషి మంచం దిగడం లేదు.

మాలో మనిషి పోతే గుసుల్ అని ఆఖరి స్నానం చేయించి గానీ మట్టిచేయరు. మా వీధిలో మగవాళ్ళకి ఆ పని బడే మియా చేస్తాడు. మొన్న చూడ్డానికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఏమనుకోకమ్మా, నాకు మనవలున్నారు" అని వెళ్ళిపోయాడు. ఇంకా బతికున్న మనిషి వినేలా చెప్పాడండీ ఆ మాట.

నా ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం నింపాదిగా, బడే మియా చేసిందే సరి అన్నారు. తనకి నీళ్ళు పోయొద్దట, తయమ్ముం చేసి పాతిపెట్టమంటారు. నీళ్ళు దొరకని చోట మట్టి తాకించి చేసే శుద్ధి అది. పక్కనే కృష్ణ పారుతుంటే ఈ మనిషికి నీళ్ళు లేవని నేనెవరితో చెప్పను? ఎందుకని నిలదీశాను.

"అక్కడ మా చేతులు కడిగిన నీళ్ళు కూడా డ్రమ్ముల్లో పట్టి సీలేశారు మెహబూబ్. నన్ను కడిగిన నీళ్ళు సందు కాలవలోకి పోతే ఎట్టా? పిల్లలు అందులోనే ఆడుకుంటారు."

ఇన్నేళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని తిరిగారు. మీ కాళ్ళు పట్టుకుంటాను అన్నయ్యగారూ. అబద్ధమైనా సరే, ఏమీ లేదని రాయండి. ఆయనకి చదివి వినిపిస్తాను.

మెహబూబ్ బీ


అక్టోబరు.

అన్నయ్యగారూ,

మీ ఉత్తరం నిన్న అందింది. కంటి ఆపరేషన్ వల్ల ఆలస్యమైందన్నారు. మీ తప్పేం లేదు.

పోయిన శుక్రవారం పొద్దున్న ఆయన వెళ్ళిపోయారు. బడే మియా రాలేదు. భార్య భర్తకి గుసుల్ చేయొచ్చా అని మసీదు హజ్రత్ గారిని అడిగించాను. చేయొచ్చన్నారు. తలుపు వేసుకున్నాను. ముబీనా పరదా బయట నుంచి బిందెలు అందించింది. అప్పటికి మీ జవాబు లేదు. అంటుకుంటే అంటుకోనీ అనుకున్నాను. ఇన్నేళ్ళకి ఆయన చెయ్యి నా చేతిలోకి వచ్చింది. వేళ్ళ మధ్య కూడా నిదానంగా కడిగాను. నన్నెవరు తొందరపెడతారు?

నీళ్ళొద్దన్న మాట కాదన్నాను గానీ ఆయన భయాన్ని కాదనలేకపోయాను. కింద తొట్టి పెట్టి, కడిగిన నీళ్ళన్నీ పట్టి డ్రమ్ములో పోసి మూత బిగించాను. వాటిని ఊరవతలకి పంపెయ్యమని వీధి వాళ్ళతో రోజూ పోట్లాట.

మీ ఉత్తరం ముబీనా గుమ్మంలో నిలబడి వీధి వాళ్ళంతా వినేలా గట్టిగా చదివింది. ఆ కిరణాలు తగిలిన మనిషికి హాని చేస్తే చేస్తాయేమో గానీ మనిషిలో నిలవుండవని, పక్కవాళ్ళకి అంటవని రాశారు. మట్టి అంటిందేమోనని మీటరు పెట్టి అందర్నీ చూశారని, ఎవరి ఒంటిమీదా ఏమీ లేదని రాశారు. మిలిటరీ డాక్టరు అదంతా విడమరిచి చెప్పిన రోజున ఆయన ఆఖరి లోడుతో లారీలో ఉన్నారని, ఎవరో ఒకరు చెప్పే ఉంటారని మీరంతా అనుకున్నారని కూడా రాశారు.

బడే మియా తలవంచుకుని వచ్చి డ్రమ్ము తను ఎత్తుతానన్నాడు. వద్దన్నాను. నేనే ఈడ్చుకెళ్ళి, అందరూ చూస్తుండగా సందు కాలవలో పోశాను. మామూలు నీళ్ళే అన్నయ్యగారూ. ఆ మామూలు నీళ్ళకి భయపడి నా మనిషి ఇన్నేళ్ళూ వేరే మంచం మీద పడుకున్నారు.

కరిముల్లా భార్య,
మెహబూబ్ బీ