శ్రమదానానికి రానన్న పిక్క

ఐవిన్,

పదకొండింటికల్లా కిందికి దిగు. ఆకులు ఊడ్చే కర్ర సైకిళ్ళ గదిలో ఉంది. అక్కడ అందరికీ వేసే వాఫిల్ అట్ల పిండి ఫ్రిజ్‌లో ఉంది, అది కూడా పట్టుకెళ్ళు. తూవాకి వానకోటు వేసి వెంట తీసుకెళ్ళు. మధ్యాహ్నం పిల్లకి ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఆ బఠాణీలు మాత్రం వండకు. ఐసుకి బదులు ఆ సంచే మూడు వారాలుగా నీ పిక్క మీదే కాపురం చేస్తోంది.

పిక్క పట్టేసింది, బిల్డింగు శ్రమదానానికి రాలేనని గురువారం కమిటీ పెద్ద గున్‌వోర్‌కి చెప్పావు. నిన్న సాయంత్రం పద్నాలుగు కిలోమీటర్లు పరుగెత్తి, ఆ పరుగు మ్యాపు ఫోన్లో అందరికీ కనిపించేలా పెట్టావు. ఆ అందరిలో ఆవిడా ఉంటుందని తట్టలేదా, మహానుభావా? ఇందాక మెట్ల మీద నన్ను పట్టుకుంది.

"మీ ఆయన కాలు నయమైనట్టుందే! మన వాకిట్లో ఆకులు ఊడవడానికి అంత దూరం పరుగెత్తక్కర్లేదని చెప్పమ్మా" అంది నవ్వుతూ.

ఆవిడ నవ్విందంటే చలికాలమంతా మెట్లు కడిగే వంతు మనదే.

వారమంతా నువ్వు ఆఫీసుకి, సాయంత్రాలు పరుగుకి. మిగిలిన పిక్కనొప్పి మాత్రం మాకా?

నేను డ్యూటీకి వెళ్తున్నా. నాలుగింటికి వస్తా.

తొర్దిస్

ఇంకోటి. ఆ మ్యాపు నేనూ చూశాను. అందులో వేగం చూస్తే చివరి మూడు కిలోమీటర్లూ నడకే. అంటే మన బెర్గెన్ ఊరి వానలో ఒక్కడివే కుంటుకుంటూ వచ్చి, నాతో ఒక్క ముక్క చెప్పలేదన్నమాట. ఈసారి ఫోన్ చెయ్యి, కారు తెస్తాను. దారంతా తిడతాను. అయినా తెస్తాను.